నా పేరులో రెండు 'ఎల్'లు: పాస్‌పోర్ట్ తీసుకున్న అనుభవం

కువైట్‌లో డ్రైవర్ పని ఉందంటే పాస్‌పోర్ట్ కోసం కాగితాలన్నీ మంచం మీద పరిచి చూసుకున్నాను. నా పేరు మూడు రకాలుగా ఉంది. పదో తరగతి మెమోలో టి. కుళ్లాయప్ప, రెండు 'ఎల్'లతో. ఆధార్‌లో, దాన్ని చూసి రాసిన పాన్ కార్డులో ఒకటే 'ఎల్'. బ్యాంకు పుస్తకంలో 'కె' పక్కన 'హెచ్' కూడా వచ్చి చేరింది. మన 'ళ'కు ఇంగ్లీషులో అక్షరం లేదు కదా, ఎవరికి ఎట్లా వినపడితే అట్లా కొట్టేశారు.

అనంతపురంలో ఫారాలు నింపే ఆయన, "ఎందుకప్పా ఈ తిప్పలు, గెజిట్‌లో వేయించి కిరణ్ అని పెట్టుకో, ఎవురికైనా నోరు తిరుగుతాది" అన్నాడు. నా మంచికే చెప్పాడు కానీ నాకు మనసొప్పలేదు.

నాకు ముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోతే అమ్మ నార్పల దగ్గర గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకుంది. అక్కడ జరిగేది పీర్ల పండగ, మేము హిందువులం, కానీ నిప్పుల గుండం దగ్గర ఆ తేడా ఎవరూ చూడరు, అందరూ చక్కెర చదివించుకుని వస్తారు. కుళ్లాయి అంటే తలకు పెట్టుకునే టోపీ, పారశీకంలో కులాహ్. దానికి మన 'అప్ప' చేరి నా పేరైంది. బడిలో సారు ఆ పేరు పిలిస్తే ముగ్గురం లేచి నిలబడేవాళ్లం! మా సీమలో పేరు వింటే ఏ స్వామి మొక్కో తెలిసిపోతుంది, బేతంచెర్ల వైపు మద్దిలేటి, కదిరి వైపు కదిరప్ప, అహోబిలం వైపు ఓబులేసు. అహోబలేశుడే జనం నోట్లో ఓబులేసు అయ్యాడు.

సరే, మెమోలో ఉన్నదే అసలు పేరని పట్టుకుని మిగతావన్నీ దానికి సరిచేయాలనుకున్నాను. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, నాకు ఒకసారి అప్పటికే అయిపోయింది. ఆధార్ వాళ్ల సర్టిఫికెట్ ఫారం మీద ఫోటో అంటించి గెజిటెడ్ అధికారితో సంతకం చేయించాను, అది మూడు నెలలే చెల్లుతుంది. కేంద్రంలో టైపు చేసే అమ్మాయితో, "తల్లీ, ఒక్కో అక్షరం నాకు చూపించి నొక్కమ్మా" అని బతిమాలాను. టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి. ఆధార్ సరిగ్గా వచ్చాక పాన్, బ్యాంకు పెద్ద కష్టం కాలేదు.

పాస్‌పోర్ట్ ఫారంలో పొడి అక్షరాలు ఒప్పుకోరు, 'టి'ని విడదీసి రాయాలి. అది తలుపుల, కదిరి దగ్గర ఊరు, మా పెద్దలు అక్కడి నుంచే వచ్చారట. మనం ఇంటిపేరు ముందు చెప్పుకుంటాం కాబట్టి చాలామంది పేరు, సర్‌నేమ్ గడులు రెండూ తారుమారు చేస్తారు, సర్‌నేమ్ అన్న గడిలో ఇంటిపేరే రాయండి.

పోస్టులో పాస్‌పోర్ట్ వచ్చిన రోజు అమ్మ చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదు. ఇన్ని నెలలు నా గోల వినీ వినీ ఉంది కదా, నా ఫోటో మీద చెయ్యి పెట్టి అడిగింది: "ఎల్లులు రెండూ వచ్చినాయా నాయనా?"