తలంబ్రాలు మళ్లీ పోయించలేం

పెళ్లి వీడియోలు తీయడం మా ఆయన చూసుకుంటారు, మిక్సింగ్, అంటే ఎడిటింగ్, నాది. రాజమండ్రిలో చిన్న స్టూడియో మాది. మేం తీసే పెళ్లిళ్లతో పాటు అమలాపురం, రావులపాలెం వైపు ఫొటోగ్రాఫర్లు కొందరు వాళ్ల డేటా కూడా నాకే పంపిస్తారు. పగలు స్టూడియోలో డెస్క్‌టాప్ మీద, రాత్రి పిల్లలు పడుకున్నాక ఇంట్లో ల్యాప్‌టాప్ మీద పని. టీజర్‌కి కలర్ మాత్రం హైదరాబాద్‌లో ఉన్న మా మరిది తన మ్యాక్ మీద చేస్తాడు. అంటే ఒక్క పెళ్లి మూడు కంప్యూటర్లు తిరుగుతుంది, ఎన్నో హార్డ్ డిస్కులు ఎక్కి దిగుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను మొదట అడిగేది, "అక్కా, ఎన్ని టీబీలది కొనమంటారు?" అని. కొనడం తర్వాత సంగతి. ఈ రాత్రి ఆ డిస్కు పోతే అందులో ఏది మళ్లీ తయారవుతుంది, ఏది తయారవదు? ముందు అది తేల్చుకోమంటాను.

కెమెరా కార్డులో నుంచి వచ్చిన డేటా మళ్లీ రాదు. పెళ్లివాళ్లని పిలిచి తలంబ్రాలు మళ్లీ పోయించలేం. ప్రాజెక్ట్ ఫైలు కూడా మళ్లీ రాదు. సైజు చూస్తే కొన్ని ఎంబీలే, కానీ రాత్రుళ్లు కూర్చుని చేసిన కటింగ్ అంతా అందులోనే ఉంటుంది. టైటిల్స్‌కి వాడిన ఫాంట్లు, పాటలు, వాళ్లు వాట్సాప్‌లో పంపిన చిన్ననాటి ఫొటోలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఇక ప్రాక్సీలు (ఎడిటింగ్ తేలిగ్గా నడవడానికి చేసుకునే చిన్న సైజు కాపీలు), ప్రివ్యూ రెండర్లు, మీడియా క్యాష్ (సాఫ్ట్‌వేర్ తన వేగం కోసం దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) ఇవన్నీ కంప్యూటర్ తనంతట తాను మళ్లీ చేసుకోగలిగినవి. నేను ఎడిటింగ్‌కి వాడే సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో తన క్యాష్‌ని మనం మార్చకపోతే సీ డ్రైవ్‌లోనే పెట్టుకుంటూ పోతుంది. విండోస్‌లో సీ డ్రైవ్ గీత ఎర్రబడిందంటే చాలాసార్లు కారణం అదే. ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి క్యాష్‌ని వేరే ఎస్‌ఎస్‌డీకి (మామూలు హార్డ్ డిస్కు కంటే వేగమైన డిస్కు) మార్చేసుకుని, పెళ్లి డెలివరీ అయిపోగానే భయపడకుండా తీసేయొచ్చు. నేను చూసిన స్టూడియోల్లో చాలాచోట్ల ఇది తలకిందులుగా నడుస్తోంది. వందల జీబీల క్యాష్ ఏళ్ల తరబడి భద్రంగా ఉంటుంది, కార్డు డేటా మాత్రం ఒకే ఒక్క డిస్కులో ఉంటుంది.

సైజు లెక్క కూడా చెప్పేస్తాను. సెకనుకి 100 మెగాబిట్ల 4కే రికార్డింగ్ గంటకి 45 జీబీ అవుతుంది. పెళ్లి రోజు మూడు కెమెరాలు నాలుగేసి గంటలు తిరిగితే 540 జీబీ. పెళ్లికొడుకుని చేయడం, రిసెప్షన్, వ్రతం, డ్రోన్ ఇంకా కలపలేదు. పైగా 2 టీబీ అని కొన్న డిస్కు విండోస్‌లో 1.81 అని చూపిస్తుంది. షాపువాడు మోసం చేశాడనుకోవద్దు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున, అంతే తేడా.

కార్డు ఖాళీ చేసేటప్పుడు నాకు ఒకటే పట్టింపు. వీడియో ఫైళ్లు మాత్రమే ఏరుకోకుండా కార్డు మొత్తం ఎలా ఉందో అలాగే ఎత్తి పెట్టాలి. సోనీ కార్డుల్లో ప్రైవేట్ అనే ఫోల్డర్, దాని లోపల ఎం4రూట్, ఇంకా లోపల క్లిప్ అని ఉంటాయి. అందులో ఒక్కో వీడియో పక్కనే దాని వివరాలతో చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటుంది. అంతా రావాలి. మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే విండోస్ కాపీ చేసి ఊరుకుంటుంది గానీ, అటు చేరింది ఇటు ఉన్నదేనా అని సరిచూడదు. అందుకే టెరాకాపీ అనే కాపీ సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై పెట్టుకుంటాను. టైమ్ ఎక్కువ పడుతుంది, పట్టనీయండి. రెండు వేర్వేరు డిస్కుల్లో వెరిఫై అయ్యేదాకా కార్డు ఫార్మాట్ చేయడానికి వీల్లేదని మా ఆయనకి కూడా చెప్పేశాను. సీజన్‌లో తెల్లవారుజాము ముహూర్తానికి కార్డులు చాలట్లేదని సణుగుతారు. కొత్త కార్డులు కొనుక్కోమంటాను.

అసలు తలనొప్పి పేర్ల దగ్గర. సోనీ కెమెరా క్లిప్పులకి సీ0001, సీ0002 అని పేర్లు పెడుతుంది. రెండు సోనీలు ఉంటే రెండిట్లోనూ సీ0047 ఉంటుంది. ఎడిటింగ్ నడుస్తున్నంతసేపూ ఏ గొడవా లేదు. డిస్కు మారి, లింక్ తెగి, మళ్లీ కలుపుకోవాల్సి వచ్చినప్పుడు మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ పేరు చూసి అతికిస్తుంది. జీలకర్ర బెల్లం ఉండాల్సిన చోట భోజనాల బంతి వచ్చి కూర్చుంటుంది. ఏ7 ఎస్3, ఎఫ్‌ఎక్స్3 లాంటి కెమెరాల్లో ఫైల్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే క్లిప్ పేరుకి మనకి కావలసిన టైటిల్ పెట్టుకోవచ్చు. ఒక కెమెరాకి ఏ, ఇంకోదానికి బీ అని పెడితే ఈ బాధ షూట్‌కి ముందే తీరిపోతుంది. బయటి ఫొటోగ్రాఫర్లకి నేను ఫోన్ చేసి మరీ పెట్టిస్తున్నాను.

ప్రాజెక్ట్ ఫైలులో వీడియో ఉండదు. శుభలేఖ మీద అడ్రస్ ఉన్నట్టు, ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో, ఏ పేరుతో క్లిప్ ఉందో మాత్రమే రాసి ఉంటుంది. విండోస్ ఏమో ఎక్స్‌టర్నల్ డిస్కుకి ఆ పూట ఏ అక్షరం ఖాళీగా ఉంటే అది ఇస్తుంది. స్టూడియోలో ఇ, ఇంటికొస్తే ఎఫ్. దీనికి పైసా ఖర్చు లేని మందు ఉంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, పని చేసే డిస్కుకి రెండు కంప్యూటర్లలోనూ ఒకే అక్షరం ఇవ్వాలి. నేను పీ పెట్టుకున్నాను, పెళ్లి అని. అక్షరాల వరసలో మామూలుగా ఇంకే పెన్‌డ్రైవూ అంత దూరం రాదు.

మ్యాక్‌లో అక్షరాలు ఉండవు, డిస్కు పేరే అడ్రస్. అందుకే మరిది తెరిచిన ప్రతిసారీ ఒకటే ఫోన్, "వదినా, మళ్లీ అంతా ఎర్రగా ఉంది" అని. మీడియా ఆఫ్‌లైన్ తెర అది. ఒక్క క్లిప్ ఎక్కడుందో చూపిస్తే, లోపలి ఫోల్డర్ల వరస మారకుండా ఉంటే, మిగతావి సాఫ్ట్‌వేరే వెతుక్కుంటుంది. కాబట్టి పని మొదలయ్యాక ఫోల్డర్లు సర్దకూడదు. ఎంత అసహ్యంగా ఉన్నా సరే.

ఫోల్డర్ పేరు నేను సంవత్సరం, నెల, తేదీ, ఊరు, అమ్మాయి ఇంటిపేరు అనే వరసలో, ఇంగ్లీషు అక్షరాల్లో పెడతాను. పెళ్లికొడుకు పేరు పెట్టి లాభం లేదు, సీజన్‌కి ఎంతమంది సాయిలో! మంచి ముహూర్తం ఉన్న రోజు ఒకే ఊళ్లో రెండు పెళ్లిళ్లు కూడా ఉంటాయి.

డిస్కు ఫార్మాట్ విషయానికొస్తే, తిరిగే డిస్కు ఎక్స్‌ఫ్యాట్, ఒకేచోట ఉండే డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్. మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదువుతుంది గానీ మామూలుగా అందులో రాయలేదు. ఎక్స్‌ఫ్యాట్ విండోస్, మ్యాక్ రెండింట్లోనూ పనిచేస్తుంది, కానీ మధ్యలో కేబుల్ లాగితే తట్టుకునే ఏర్పాటు దానికి తక్కువ. ఎజెక్ట్ కొట్టకుండా తీసే పిల్లలుంటే ఆ డిస్కు చేతికివ్వకండి.

540 జీబీ నెట్‌లో పంపేయొచ్చు కదా అంటారు. సెకనుకి 100 మెగాబిట్ల అప్‌లోడ్ ఒక్క క్షణం తగ్గకుండా వచ్చినా 12 గంటలు పడుతుంది. మా వీధిలో కరెంటు అన్ని గంటలు ఆగకుండా ఉంటే పండగే. కాబట్టి మరిదికి టీజర్‌లో వాడిన క్లిప్పులు మాత్రమే ప్రీమియర్‌లోనే ఉన్న ప్రాజెక్ట్ మేనేజర్‌తో విడిగా తీసి పంపిస్తాను. నా ల్యాప్‌టాప్‌కి చిన్న ఎస్‌ఎస్‌డీలో ప్రాక్సీలు చాలు, ఒరిజినల్స్ ఇంటికి మోసుకురాను. మరిది కలర్ పని రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తాడు. అందులో ప్రాజెక్ట్ మన ఫోల్డర్‌లో ఫైలుగా కనిపించదు, దాని లైబ్రరీలో ఉంటుంది. బ్యాకప్‌కి ఫోల్డర్ కాపీ చేసుకుని ధీమాగా ఉంటే అక్కడే దెబ్బ తింటారు. పని అయ్యాక డీఆర్‌పీగా (రిజాల్వ్ ప్రాజెక్ట్‌ని విడి ఫైలుగా తీసే రకం) ఎక్స్‌పోర్ట్ చేసి పంపమని తనకి మరీ మరీ చెబుతాను.

ఫాంట్ల సంగతి మన తెలుగువాళ్లకి ప్రత్యేకం. అను ఫాంట్లతో కొట్టిన చి.ల.సౌ. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా కనిపిస్తుంది. యూనికోడ్ (ఫోన్లలో మనం తెలుగు కొట్టే పద్ధతి) ఫాంట్ అయితే ఆకారం మారినా చదవడానికైనా వస్తుంది. ప్రీమియర్‌లో ఒత్తులు విడిపోతుంటే గ్రాఫిక్స్ ప్రిఫరెన్సెస్‌లో సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్‌కి మార్చుకోండి. ఏదేమైనా ప్రతి పెళ్లి ఫోల్డర్‌లో ఫాంట్లకి ఒక ఫోల్డర్ ఉండాల్సిందే.

పాతవన్నీ మూఢంలో సర్దుతాను, అప్పుడే కాస్త ఊపిరాడుతుంది. దాచేవాటికి మామూలు హార్డ్ డిస్కే వాడతాను. ఎస్‌ఎస్‌డీని ఏళ్ల తరబడి కరెంటు లేకుండా బీరువాలో పెట్టడం నాకు నమ్మకం లేదు. ఒక కాపీ స్టూడియోలో, ఇంకోటి గోదావరి అవతల కొవ్వూరులో అమ్మవాళ్లింట్లో. డిస్కు మీద మార్కర్‌తో నంబరు, ఏ నంబర్లో ఏ పెళ్లి ఉందో ఒక నోటుబుక్కులో. డెలివరీ తర్వాత ఏడాది వరకే డేటా మా బాధ్యత అని బిల్లు మీద అచ్చు వేయించాం. అయినా మూడేళ్ల తర్వాత ఎవరో వచ్చి, మా తాతయ్య మాట్లాడిన ముక్క ఏమన్నా ఉందా అండీ అంటారు. ఉంటే వెతికి ఇస్తాను, దానికి డబ్బులు తీసుకోను. కొత్త పెన్‌డ్రైవ్ మాత్రం వాళ్లనే తెచ్చుకోమంటాను.