69వ ఏట ఓడెక్కిన స్వామి

ఈ వయసులో ఇంకేం మొదలుపెడతాంలే అని ఎవరైనా అంటే నాకు వెంటనే భక్తివేదాంత స్వామి ప్రభుపాదులు గుర్తొస్తారు. బెంగాల్ కృష్ణభక్తుడు చైతన్య మహాప్రభువు బోధను ఇంగ్లీషులో ప్రచారం చెయ్యమని గురువు భక్తిసిద్ధాంత సరస్వతి ఆయనతో అన్నది 1922లో, కలకత్తాలో. మధ్యలో సంసారం, పిల్లలు, మందుల వ్యాపారం. సన్యాసం 1959లో. ఆ తర్వాత బృందావనంలో, రాధాదామోదర మందిరంలోని చిన్న గదిలో కూర్చుని భాగవతం అనువదించారు, అచ్చు వేయించడానికి ఢిల్లీలో తనే తిరిగారు.

1965 ఆగస్టులో అమెరికా వెళ్లడానికి 'జలదూత' అనే సరుకుల ఓడెక్కారు. వెంట పెట్టెల కొద్దీ పుస్తకాలు, చేతిలో 40 రూపాయలు, అవీ అక్కడ చెల్లనివే. సముద్రం మీద రెండుసార్లు గుండెపోటు వచ్చింది. మన ఇంట్లో పెద్దాయన ఇలా బయల్దేరతానంటే ఊరుకుంటామా చెప్పండి!

నన్ను బాగా కదిలించేది మాత్రం న్యూయార్క్‌లో ఆయన గడిపిన తొలి నెలలు. టైప్‌రైటర్ దొంగల పాలైంది, అయినా వెనక్కి రాలేదు. 1966లో సెకండ్ అవెన్యూలో ఒక చిన్న షాపు గది అద్దెకు తీసుకుని, వచ్చిన కుర్రాళ్లకి తనే వండిపెట్టి, గీత చెప్పి, పార్కులో చెట్టు కింద కూర్చుని వాళ్లతో కీర్తన చేయించారు. ఇస్కాన్ అనే కృష్ణభక్తి సంస్థ పుట్టింది అక్కడే.

1977లో మంచాన పడ్డాక కూడా భాగవతానికి వ్యాఖ్యానం చెబుతూనే ఉన్నారు. దశమ స్కంధం మధ్యలో ఆగిపోతే, మిగతాది శిష్యులు పూర్తి చేశారు.