రోడ్డు తవ్వేసి కాలిబాట వేసిన కనుమ

మా నాన్న రిటైరయ్యేదాకా గిద్దలూరు నుంచి నంద్యాలకు బస్సు నడిపారు, నల్లమలలో నంది కనుమ మలుపులన్నీ ఆయనకు కంఠతా వచ్చు. మా దగ్గరికి, అమెరికాలోని నాక్స్‌విల్‌కి, వచ్చిన నెలకే మాల్స్ అంటే మొహం మొత్తి, "ఏదైనా ఘాట్ రోడ్డు ఉంటే చూపించరా" అన్నారు. గంటన్నర దూరంలో కంబర్లాండ్ గ్యాప్ ఉంది కదా అని అక్టోబరులో ఒక శనివారం బయల్దేరాం.

టెనెసీ, వర్జీనియా, కెంటకీ మూడూ కలిసేచోట అపలాచియన్ కొండల్లో ఉన్న సందు అది. గ్యాప్ అంటే ఏంటని అడిగితే నేను ఏదో వివరించబోయాను, ఆయన అడ్డుపడి "కనుమ అని చెప్పొచ్చుగా" అన్నారు. అంతేగా మరి.

ఊళ్లో పాత ఇనుప కొలిమి దగ్గర కారు పెట్టి నడక మొదలెట్టాం. కుర్రాళ్లు అరగంటలో ఎక్కేస్తారు, నాన్న మోకాళ్లతో మాకు గంట పైనే పట్టింది. దారంతా రాలిన ఆకులు, జారుడు. నేను తెలివిగా ఆఫీసు బూట్లతో వచ్చాను, అది వేరే సంగతి.

1750లో థామస్ వాకర్ అనే సర్వేయర్ ఈ కనుమ "కనిపెట్టాడు" అని చదివి వినిపిస్తే నాన్నకు నవ్వొచ్చింది. అంతకు ముందే అడవిదున్నలు తొక్కిన జాడ ఉంది, దాని మీదే చెరోకీలు, షానీలు అనే అక్కడి ఆదివాసీ తెగలు తిరిగిన బాట ఉంది. 1775 మార్చిలో డేనియల్ బూన్ అనే వేటగాడు 30 మందితో గొడ్డళ్లు పట్టుకుని ఈ పాత జాడలనే వెడల్పు చేసుకుంటూ కెంటకీ నది దాకా వెళ్లాడు. నన్ను పట్టుకున్నది అది కాదు. దానికి రెండేళ్ల ముందు, 1773లో, అతను కుటుంబంతో ఇటే వస్తుంటే కనుమ ఇంకా దాటకముందే పదహారేళ్ల కొడుకు జేమ్స్‌ను ఆదివాసీలు చంపేశారు, తమ వేట భూముల్లోకి వస్తున్నారన్నది వాళ్ల కోపం. అందరూ వెనక్కి తిరిగారు. మళ్లీ అదే దారి కొట్టడానికి అదే మనిషి వచ్చాడంటే ఏమనుకోవాలో నాకు తెలియలేదు, నాన్న కూడా ఏం మాట్లాడలేదు.

అమెరికాలో పడమటి వలస అనగానే గుడారం కప్పిన బళ్లు గుర్తొస్తాయి కదా, ఇక్కడ 1796 దాకా బండి పట్టే దారే లేదు. ఆ లోపు వచ్చినవాళ్లంతా నడిచినవాళ్లే, సామానంతా గుర్రాల వీపు మీదే. 1810 నాటికి 2 లక్షల నుంచి 3 లక్షల మంది దాటారట, అబ్రహం లింకన్ తాత కుటుంబం కూడా వాళ్లలో ఉంది. చిన్న సంచీలో నీళ్ల సీసా, పులిహోర డబ్బా మోస్తూ నేను రొప్పుతున్నాను.

పైకెళ్లాక నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "రోడ్డేదిరా?" రోడ్డు ఒకప్పుడు ఉండేది. మొన్నమొన్నటిదాకా ఈ కనుమ మీదుగానే పెద్ద హైవే పోయేది, ప్రమాదాలు ఎక్కువని 1996లో కొండ కింద 4,600 అడుగుల జంట సొరంగం తెరిచి, పైనున్న తారు మొత్తం పెకలించి, మట్టి పోసి, చెట్లు నాటి, బూన్ తర్వాతి కాలంలో ఎలా ఉండేదో అలాంటి కాలిబాట చేశారు. ఆయన నమ్మలేదు. కాలితో ఆకులు తోసి తారు ముక్క ఏమైనా దొరుకుతుందేమోనని వెతికారు కూడా, దొరకలేదు. "వేసిన రోడ్డు ఎవడైనా తీసేస్తాడా!"

తర్వాత కార్లో పినాకిల్ అనే కొన మీదికి వెళ్లాం, 2,440 అడుగులు, హెయిర్‌పిన్ మలుపులు బోలెడు. 20 అడుగులు దాటిన బండ్లకు అనుమతి లేదన్న బోర్డు చూసి నాన్న చాలా సంతోషించారు, తన బస్సయితే ఏ మలుపులో వెనక్కి తీయాల్సొస్తుందో చెబుతూ కూర్చున్నారు. అక్కణ్నుంచి చూస్తే కనుమ నిజంగానే కొండ గోడకు పడిన గండిలా ఉంటుంది.

సొరంగం చూడాలన్నారని అందులోంచి కెంటకీ వైపు ఒకసారి పోయి మళ్లీ వెనక్కి వచ్చాం. దాటినంతసేపూ వాచీ చూస్తూనే ఉన్నారు. "నిమిషం పైన కొంచెం," అన్నారు బయటికి రాగానే, "ఇంకోసారి తిప్పు, సరిగ్గా చూడలేదు."