అరా పావూ కలిపితే

మా అమ్మాయికి ఏడో తరగతి మొదటి పరీక్షలో లెక్కల్లో 50కి 14 మార్కులు వచ్చాయి. అప్పటిదాకా అత్తెసరు మార్కులతోనైనా గట్టెక్కుతూ వచ్చిన పిల్ల. పైగా ఏడాదిగా ట్యూషన్‌కి వెళ్తోంది. బడి, ట్యూషన్, హోంవర్క్, మళ్లీ బడి. ఇంకెంతసేపు కూర్చోబెట్టాలో తెలియక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆన్సర్ షీట్ ముందేసుకుని ఒక్కో తప్పూ చూశాను. సమీకరణాలు, నిష్పత్తి, శాతాలు. పాఠాలు వేరు, తప్పు మాత్రం ఒకటే. భిన్నం కనిపించిన ప్రతిచోటా లెక్క పాడైంది. "1/2కి 1/4 కలుపు" అని కాగితం మీద రాసిచ్చాను. పైవి పైవి, కిందివి కిందివి కలిపేసి 2/6 అని రాసింది. కాగితం పక్కన పెట్టి నోటితో అడిగాను, "అరా పావూ కలిపితే ఎంతే?"

"ముప్పావు" అంది, తడుముకోకుండా.

అంటే పిల్లకి తెలుసు. తను రోజూ అనే అర, పుస్తకంలోని 1/2 ఒకటేనని మాత్రం తెలియదు. 2/6 అంటే మూడో వంతు, సగం కంటే తక్కువ. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే ఎలా తగ్గిందన్న అనుమానమే రాలేదు. దాని కంటికి అది ఒక సంఖ్య కాదు, గీతకి పైనొకటి, కిందొకటి ఉన్న రెండు అంకెలు.

తర్వాత దీని గురించి చదివాను. 1978లో అమెరికాలో జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లల్ని 12/13, 7/8 కలిపితే సుమారుగా ఎంత అని అడిగారట. రెండూ ఒకటికి దగ్గరే కాబట్టి జవాబు 2. ఆ జవాబు ఎంచుకున్నవాళ్లు 24 శాతమే. ఎక్కువమంది 19 అనో 21 అనో అన్నారు. అమెరికా మనస్తత్వ పరిశోధకుడు రాబర్ట్ సీగ్లర్ బృందం 2012లో అచ్చు వేసిన పరిశోధన చదివాక ఇంకా భయం వేసింది. పదేళ్ల వయసులో భిన్నాలు, భాగహారం ఎంత వచ్చన్నదాన్ని బట్టి హైస్కూల్లో లెక్కలు ఎలా ఉంటాయో చాలావరకు చెప్పొచ్చట, తెలివితేటలు, కుటుంబ ఆదాయం తేడాలను పక్కన పెట్టి చూసినా సరే.

ఆ కాగితం పట్టుకుని బడికి వెళ్లాను. లెక్కల టీచర్ గారు విసుక్కోకుండా కూర్చోబెట్టి, ఆ ఏడాది సిలబస్ తెరిచి, ఏ పాఠం దేని మీద నిలబడి ఉందో పెన్సిల్‌తో గీతలు గీసి చూపించారు. సగానికి పైగా గీతలు భిన్నాల దగ్గరికే వచ్చాయి. బడి అయ్యాక వెనకబడిన పిల్లల కోసం వారానికి మూడు రోజులు ఒక గంట చెప్తున్నారని కూడా అప్పుడే తెలిసింది. ముందే అడగనందుకు ఇప్పటికీ బాధగా ఉంది. "నలభై మందిని పెట్టుకుని క్లాసులో నేను వెనక్కి వెళ్లలేనమ్మా. ఆ గంటలో వెళ్లగలను" అన్నారు. ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది ఆ మాటతోనే.

ట్యూషన్ మాటేమిటని ఆరా తీస్తే, అక్కడ బడి కంటే నెల ముందు నడుస్తున్నారు. ఒకే లెక్కకి అక్కడొక పద్ధతి, ఇక్కడొక పద్ధతి. పిల్ల రెండూ బట్టీ పట్టి, పరీక్షలో రెండూ కలిపేసింది. అది మాన్పించాను. తెలిసిన ఒక డిగ్రీ అమ్మాయిని అడిగి, రోజు విడిచి రోజు నలభై నిమిషాలు మా పిల్ల ఒక్కదానికే చెప్పమన్నాను. కొత్త పాఠం వద్దు, బడి నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకు పడ్డ లెక్కలే ముందు చూడమన్నాను. ఒక చిన్న పుస్తకం పెట్టాం. అందులో టీచర్ గారు ఈ వారం ఏం చెప్తున్నారో ఒక వాక్యం రాసేవారు, ఆ అమ్మాయి పిల్ల ఎక్కడ ఆగిందో రాసేది. పుస్తకం అటూ ఇటూ తిరగడం మొదలయ్యాక రెండు పద్ధతుల గొడవ తీరిపోయింది.

టీచర్ గారూ, ఆ అమ్మాయీ నాలుగో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టారు. కాగితం మడతలు, ఆ తర్వాత సంఖ్యారేఖ, సున్నాకీ ఒకటికీ మధ్య పావు ఎక్కడ, అర ఎక్కడ, ముప్పావు ఎక్కడ అని. సామాన్య హారం, అంటే కింది అంకెల్ని ఒకటే చేసుకుని కలపడం, చాలా రోజుల తర్వాత వచ్చింది. ప్రతిసారీ మొదట పుస్తకం మూసేసి పోయిన వారం లెక్కలు ఐదు చేయాలి. చదివిందే మళ్లీ చదవడం కంటే గుర్తు తెచ్చుకోవడం వల్ల వారం తర్వాత కూడా బాగా నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో తేలింది. మా ఇంట్లో నా కళ్లతో నేనే చూశాను.

సులువుగా ఏమీ జరగలేదు. నాలుగో తరగతి పుస్తకం ఎవరైనా చూస్తారని పిల్ల దానికి అట్ట వేసి పేరు రాయకుండా ఉంచింది. ఒకరోజు "నాకు బుర్ర లేదు కదమ్మా" అని ఏడ్చింది. దాన్ని ఒళ్లోకి తీసుకుని నేనూ ఏడ్చాను. రెండో పరీక్షలో 16 వచ్చాయి. రెండు నెలల కష్టానికి రెండు మార్కులా అని ఇంట్లో అందరికీ టెన్షన్. పాత ట్యూషన్‌కే పంపుదామన్నారు. నేను ఆ చిన్న పుస్తకం తెరిచి చూపించాను. మొదటి పేజీల్లో "1/3 పెద్దదా 1/4 పెద్దదా తెలియడం లేదు" అని ఉంది. చివరి పేజీలో "భాగహారం దగ్గర రెండో భిన్నాన్ని తిరగేయడం ఎందుకో అడిగింది" అని ఉంది. ఎందుకు అని అడిగే దాకా వచ్చిందంటే ఇక మధ్యలో ఆపడానికి నేను ఒప్పుకోలేదు.

మూడో పరీక్షలో 27 వచ్చాయి.

మొన్న సాయంత్రం వంచిన తల ఎత్తకుండా లెక్కలు చేసుకుంటోంది. 3/4ని 1/2తో భాగిస్తోంది. 3/8 అని రాసి, ఆగి, కొట్టేసింది.

"ఏమైందే?" అన్నాను.

"ముప్పావులో అరలు ఎన్ని ఉన్నాయని కదమ్మా అడిగింది? ఒక అర ఎలాగూ ఉంది. ఇంకా పావు మిగిలింది. ఒకటి కంటే తక్కువ ఎలా వస్తుంది?" అంటూ తిరిగి చేసి, ఒకటిన్నర అని రాసుకుంది.