చుక్క కోసం డిచ్లింగ్ దాకా

లండన్ భూగర్భ రైలు వ్యవస్థ అండర్‌గ్రౌండ్‌లో అందరూ బోర్డు చూసి రైలెక్కుతారు. నేను బోర్డు చూస్తూ రైలు వదిలేశాను. విక్టోరియా లైన్ అని ఇంగ్లీషులో రాసిన ఆ బోర్డులో చిన్నబడి ‘ఐ’లు మూడున్నాయి. మూడింటి నెత్తినా చుక్క పేకముక్కల్లో డైమండ్ గుర్తులా మూల మీద నిలబడి ఉంది. మా నాన్న తెనాలిలో నలభై ఏళ్లు సైన్‌బోర్డులు రాశారు. ఫ్లెక్సీలు వచ్చాక మానేశారు. ఆయన కొడుకుని కాబట్టి ఆ చుక్క నన్ను వదల్లేదు.

ఆ అక్షరాలు రాసింది ఎడ్వర్డ్ జాన్‌స్టన్. ఆయన 1912లో ససెక్స్‌లోని డిచ్లింగ్ అనే ఊళ్లో కాపురం పెట్టారని తెలిసి, మర్నాడు హసాక్స్ వెళ్లే రైలెక్కాను. గంట ప్రయాణం. దిగేసరికి బస్సు నా కళ్లముందే వెళ్లిపోయింది. మూడు కిలోమీటర్లే కదా అని నడిచాను. కుడివైపు పచ్చటి సౌత్ డౌన్స్ గుట్టలు, కాళ్ల కింద బురద. కొత్త బూట్లు పాడయ్యాయి.

డిచ్లింగ్ మ్యూజియం ఒకప్పటి ఊరి బడిలో ఉంది, చర్చికి దగ్గర్లోనే. జాన్‌స్టన్ డాక్టరు చదువు మధ్యలో వదిలేసి బ్రిటిష్ మ్యూజియంలో పాత రాతప్రతుల ముందు కూర్చున్న మనిషి. వెడల్పు పాళీతో వాళ్లెలా రాశారో తనంతట తానే పట్టుకుని, 1899 నుంచి లండన్‌లో పాఠాలు చెప్పారు. అండర్‌గ్రౌండ్ సంస్థలోని ఫ్రాంక్ పిక్ 1913లో ఆయన్ని కలిశారు. స్టేషన్ పేరు చుట్టూ ఉన్న ప్రకటనల్లో కలిసిపోకుండా కనిపించాలన్నది పిక్ పట్టు. 1916కి అక్షరాలు తయారయ్యాయి.

అప్పటికే సెరిఫ్, అంటే అక్షరం కొసల్లో ఉండే చిన్న అడ్డగీత, లేని అక్షరాలున్నాయి, కానీ అన్నీ ఒకే వెడల్పులో ఇరికించినట్టుండేవి. జాన్‌స్టన్ రోమన్ శిలాశాసనాల కొలతలు తెచ్చారు. ‘ఓ’ నిండు వలయం, ‘ఈ’, ‘ఎస్’ వెడల్పు తక్కువ. గీతకు సెరిఫ్ లేదు, మందం మారదు, అయినా లోపల చేతిరాత నడక ఉంది. హ్యూమనిస్ట్ శాన్స్ సెరిఫ్, అంటే చేతిరాత పోలికున్న సెరిఫ్ లేని అక్షరం, అని తర్వాతివాళ్లు పిలిచింది దీన్నే.

మొదట్లో ఆయనకు సాయపడ్డ శిష్యుడు ఎరిక్ గిల్. ఆయన గీసిన అక్షరాల్ని అచ్చు అక్షరాల కంపెనీ మోనోటైప్ 1928లో గిల్ శాన్స్ పేరుతో విడుదల చేస్తే అవి ప్రపంచమంతా తిరిగాయి. గురువుగారిది అండర్‌గ్రౌండ్ సొంత సొత్తు కావడంతో లండన్ దాటలేదు. నాకైతే గురువుగారి ‘ఓ’యే అందం. గిల్ సొంత కూతుళ్ల మీద చేసిన అఘాయిత్యాలు 1989లో బయటపడ్డాయి. 2017లో ఈ మ్యూజియమే దాన్ని దాచకుండా ప్రదర్శన పెట్టింది. అది తెలిశాక గిల్ శాన్స్‌లో ఏదైనా టైపు చేయాలంటే చెయ్యి ఆగుతుంది.

బయట బెంచీ మీద కూర్చుని సంచిలోంచి వెడల్పు పాళీ పెన్ను తీశాను. పాళీని కాస్త వాలుగా, రాసేటప్పుడు పట్టుకునే కోణంలోనే పెట్టి, దాని వెడల్పు మేర ఏటవాలుగా కిందికి లాగాను. కాగితం మీద డైమండ్ పడింది. అంతే! గుండ్రని చుక్క కావాలంటేనే పాళీని తిప్పి అవస్థ పడాలి.

జపాన్ నుంచి వచ్చిన ఎయిచి కోనో 1979లో ఈ అక్షరాల్ని చిన్న సైజులకూ పనికొచ్చేలా సవరించారు. 2016లో నూరేళ్లకు మళ్లీ సవరించి హ్యాష్, ఎట్ గుర్తులు చేర్చారు. చుక్కను మాత్రం ఎవరూ గుండ్రం చేయలేదు.

తిరుగు రైల్లో బోర్డు ఫొటో నాన్నకు పంపాను. వెంటనే ఫోన్ చేశారు.

“ఫ్లాట్ బ్రష్ తిప్పకుండా ఆనించాడ్రా. మనమూ కొల్లిపర మెడికల్ షాపు బోర్డుకి అట్లాగే పెట్టాం కదా, ఓనరు ఒప్పుకోక మళ్లీ గుండ్రంగా దిద్దించాడు.”