గళ్ల నుడికట్టు: ఆరో నెల లెక్క

ఒక్కో ఆధారంలో అర్థంతోపాటు మాటల మెలికనూ దాచే ఇంగ్లీషు క్రిప్టిక్ క్రాస్‌వర్డు పట్టుకుని ఈ నెలతో ఆరు నెలలు నిండాయి. మొదట్లో ముప్ఫై ఆధారాలలో నాలుగైదు కూడా తెగేవి కావు. ఇప్పుడు ఉదయం కాఫీకి మొదలుపెడితే భోజనం వేళకు ఇరవై దాటుతున్నాయి. మిగిలిపోతున్నవి ఇంచుమించు రెండు రకాలే: బ్రిటిషువాళ్లు సరదాగా వాడుకునే మాటలు, నిఘంటువులో తప్ప మనకెక్కడా తగలని మాటలు.

మొదటి రకానికి అక్షరక్రమంలో పట్టిక రాసుకుని రెండు నెలలు వృథా చేశాను. ఆధారంలో మనకు కనబడేది అర్థమే కనుక, ఇప్పుడు నోటుపుస్తకంలో అర్థాన్నే శీర్షికగా పెట్టి, పౌండు కింద క్విడ్, పాతిక పౌండ్ల కింద పోనీ, అయిదు వందల పౌండ్ల కింద మంకీ, ఇంగితజ్ఞానం కింద నౌస్, సమాచారం కింద జెన్ అని రాస్తున్నాను. 'తల తీసిన స్క్విడ్ ఒక పౌండు' అనే ధోరణిలో ఆధారం వస్తే, మొదటి అక్షరం కొట్టేయగానే క్విడ్ తేలుతుంది.

ఒక సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. గౌతమికీ వసిష్ఠకూ నడుమ పుట్టి పెరిగిన నేను, 'ఇటలీ ఫ్లవర్, రెండక్షరాలు' అన్నచోట మూడు రోజులు పూల పేర్లు వెతికాను. ఫ్లో అయ్యేది ఫ్లవర్, అనగా నది, జవాబు ఇటలీలోని పో నది.

'నార విడిపోయేలా నానబెట్టు, మూడక్షరాలు' అన్నదానికి రెట్ అని నిఘంటువు చూసి నింపాను. అవిసె నార, జనపనార అంటూ నేను వివరిస్తుంటే, "మన కొబ్బరి డొక్కలు కాలువలో నానేస్తాం చూడండి, అదేనా?" అని మావయ్యగారు అడిగారు. అదే. ఆ మాట ఇక మరచిపోను.

ఈ నెలలో ఎక్కువసేపు కూర్చోబెట్టింది మాత్రం 'బ్లాక్ అండ్ ఐ, నీటిపక్షితో కలిసి పొలానికి చేటు, తొమ్మిదక్షరాలు' అన్నది. బ్లాకుకు బి వస్తుందని తట్టడానికి గంట పట్టింది, నా చేతిలోని పెన్సిలు మీద నలుపును తెలిపే బితో 2బి అని రాసే ఉన్నా. ఆపైన అండ్, ఐ ఉన్నవున్నట్టే చేరతాయి. చివరి పక్షి, కొల్లేటిలో నుదుట తెల్లమచ్చతో నల్లగా తేలియాడే కూట్. కలిపితే బాండికూట్. చేలగట్లలో బొరియలు తవ్వి వరికంకులు దాచుకునే మన పందికొక్కు పేరునే ఇంగ్లీషువాళ్లు అలా తీసుకున్నారు.

దానితో నోటుపుస్తకం చివర 'ఇటునుంచి వెళ్లినవి' అని కొత్త పుట తెరిచాను. రెండోది ఆనికట్; తమిళంనుంచి వెళ్లినా, 1852లో ధవళేశ్వరం దగ్గర పూర్తయిన కట్టడం పేరు కాబట్టి మన పుటలోనే చేర్చాను. దానికొక ఆధారం నేనే కట్టాను: 'మానిక్ అటరెన్స్' (manic utterance)లో మొదటి ఎమ్ వదిలి ఆరక్షరాలు వరసగా చదవండి. మావయ్యగారు ఇంకా పెన్సిలు పట్టుకునే ఉన్నారు.