తిరుపతిలో బాడుగ కట్టలేక చంద్రగిరికి మారిన కథ

2025 మే నెలాఖరులో ఒక ఆదివారం పొద్దున మా ఇంటి ఓనరు పైకి వచ్చారు. కాఫీ ఇస్తే తాగి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "అగ్రిమెంటు జూలైతో అయిపోతోంది కదమ్మా. ఈసారి పదహారు చేద్దాం. పక్క వీధిలో పద్దెనిమిది నడుస్తోంది" అన్నారు. అప్పటికి మేం కడుతున్నది 13,000, దానిపైన మెయింటెనెన్సు 1,000. ఆయన మెట్లు దిగిపోయాక మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వంటింట్లో ఉన్న మా అత్త అంతా వింది. ఏమీ అనలేదు.

మా ఆయన రుయా ఆస్పత్రి దగ్గర ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్. నేను గాంధీ రోడ్డులో ఒక బట్టల అంగట్లో లెక్కలు చూస్తాను. ఇద్దరి జీతం కలిపి 45,000. పాప నాలుగో తరగతి. అత్తకు షుగరు, మోకాళ్ల నొప్పులు. బాలాజీ కాలనీలో లిఫ్టు లేని రెండో అంతస్తులో ఏడేళ్లుగా ఉంటున్నాం.

తిరుపతిలో బాడుగలు ఎందుకిలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, రుయా, స్విమ్స్ ఆస్పత్రులు అన్నీ దగ్గర్లోనే. దేవస్థానం ఉద్యోగులు సరేసరి. మా వీధిలో ఒక ఇల్లు ఖాళీ అయిందంటే కుటుంబం వచ్చి అడిగేలోపే నలుగురు విద్యార్థులు వచ్చి నిలబడతారు. తలా నాలుగు వేలు వేసుకున్నా పదహారు వేలు. ఓనరు లెక్క ఓనరుది. ఆయన్ని తప్పు పట్టలేను.

ఆ రాత్రి పాప పాత నోటుబుక్కు ఒకటి తీసి మూడు నెలల ఖర్చు రాశాను. పక్కవాళ్ల అంగడి లెక్కలు రోజూ పైసాతో సహా సరిచూసే నేను సొంత ఇంటి లెక్క ఏడాదిగా రాయలేదు. బాడుగ, పాలు, సరుకులు, అత్త మందులు, బండి కంతు, చీటీ, కరెంటు, ఫోన్లు రాసుకుంటూ పోతే నెలనెలా రెండు వేల దాకా తక్కువ పడుతోంది. ఆ రెండు వేలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూస్తే, ఒక నెల చీటీ ఆలస్యం, ఇంకో నెల అంగట్లో అడ్వాన్సు. జూన్‌లో పాప ఫీజు కోసం నా గాజులు బ్యాంకులో కుదువ పెట్టాల్సి వచ్చింది. ఈ స్థితిలో బాడుగ ఇంకో మూడు వేలు పెరిగితే నెలకు ఐదు వేలు అప్పు.

ముందు ఓనరుతోనే మాట్లాడాం. ఏడేళ్లలో ఒక్క నెల కూడా ఐదో తారీఖు దాటలేదు, ఆ మాటే చెప్పాను. ఆయన పదిహేనుకు దిగారు, అంతకు మించి తగ్గలేదు. అంటే మెయింటెనెన్సుతో 16,000.

ఇక ఇళ్లు వెతకడం మొదలుపెట్టాం. జూన్ 26న ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు కాబట్టి ఆ నెలంతా చూడ్డానికే పెట్టుకున్నాం. అది మాకు మేలే చేసింది. తొందర లేకపోవడంతో ఒక్కో ఇంటికి రెండు మూడుసార్లు వెళ్లి చూడగలిగాం.

మొత్తం తొమ్మిది ఇళ్లు చూశాం. రేణిగుంటలో చూసిన రెండూ బాగున్నాయి గానీ ఫ్యాక్టరీలు వచ్చాక అక్కడి బాడుగలూ మనకు అందేలా లేవు. కొర్లగుంటలో ఒకటి తక్కువకే ఉంది, కానీ రెండు పోర్షన్లకు కలిపి ఒకటే కరెంటు మీటరు. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకు శ్లాబులున్నాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 225 దాటాక రూ.8.75. రెండు కుటుంబాల వాడకం ఒకే మీటరులో పడితే ఇద్దరికీ పై శ్లాబే తగులుతుంది. బాడుగలో తగ్గింది కరెంటు బిల్లులో పోతుంది. అందుకని అది వదిలేశాం.

తిరుచానూరు వైపు చూసిన ఇల్లు మాత్రం ఈ రోజుకీ కళ్ల ముందు కనిపిస్తుంది. 7,500కే కొత్తగా సున్నం కొట్టిన ఇల్లు, రెండు పడకగదులు, వెనక జామచెట్టు. పాపకు చెట్టు తెగ నచ్చేసింది. మా ఆయన అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేద్దామన్నాడు. నేను ఊరికే ఎదురింటి వాకిట్లో కూర్చున్న పెద్దావిడను పలకరించాను. "నీళ్లెట్లా ఉంటాయవ్వా ఈడ?" అంటే ఆమె లేచి వాళ్ల గోడ దగ్గరికి నడిచింది. తన నడుముకు కాస్త పైన గోడ మీద అరచెయ్యి ఆనించింది. "ఇంతవరకు" అంది. నేను తాగే నీళ్ల సంగతి అడిగితే ఆమె వరద సంగతి చెబుతోంది. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు ఆ వీధిలోకి వచ్చిన నీళ్లు అవి. వాళ్ల గోడకు మళ్లీ రంగు వెయ్యలేదు కాబట్టి ఆమె చేతి కింద గోధుమరంగు చార సన్నగా ఇంకా కనిపిస్తూనే ఉంది. మేం చూసిన ఇంటికి కొత్త సున్నం ఎందుకు కొట్టారో అప్పుడు అర్థమైంది. ఆ అవ్వకు ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో. ఇల్లు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఓనరుతో పాటు ఎదురింటివాళ్లతో కూడా ఒక్క మాట మాట్లాడండి. చెరువు కింద, నది పక్కన, వాగు దారిలో ఉన్న ఇల్లయితే మరీను.

ఆ రాత్రే అత్త నోరు విప్పింది. అన్నాలు తిన్నాక చెయ్యి కడుక్కొచ్చి నా పక్కన కూర్చుంది. "నేను చిత్తూరు పోతా పాపా. ఆడ ఇల్లు ఊరికే పడుంది. మీ ముగ్గురికైతే ఒక్క రూము ఇల్లు చాలు గదా" అంది. చిత్తూరు దగ్గర పల్లెలో మా మామ కట్టిన మిద్దె ఉంది. ఆయన పోయినప్పటి నుంచి తాళం వేసుంది. అందరం అక్కడికే వెళ్లిపోదామని మేమూ ఒకప్పుడు అనుకున్నాం. కానీ తిరుపతికి 70 కిలోమీటర్ల పైన. మా ఆయన రాత్రి డ్యూటీలతో రోజూ తిరగడం కాని పని. ఇప్పుడు ఈవిడ ఒక్కతే వెళ్తానంటోంది. ఇన్సులిన్ తీసుకునే మనిషి. మెట్లు దిగలేక ఆస్పత్రికి తప్ప నెలల తరబడి వీధి మొహం చూడని మనిషి. బాడుగ లెక్కలో తనే ఎక్కువైనట్టు అనుకుందని తెలిసి నాకు గొంతు పూడుకుపోయింది. మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు నోటుబుక్కులో మొదటి పేజీ తిప్పి కొత్తగా రాశాను. ఇల్లు కింది అంతస్తులో ఉండాలి, అత్త మనతోనే ఉండాలి, ఆ తర్వాతే బాడుగ. ఇలా రాసుకున్నాక వెతకడం సులువైంది.

చంద్రగిరిలో ఇల్లు మా ఆయన స్నేహితుడి ద్వారా తెలిసింది. తిరుపతికి 12 కిలోమీటర్లు. కింది భాగం, ముందు వరండా, విడి మీటరు, బాడుగ 8,500, మూడు నెలల అడ్వాన్సు. మొదటిసారి మధ్యాహ్నం వెళ్లాం. రెండోసారి రాత్రి తొమ్మిదికి వెళ్లి వీధి దీపాలు వెలుగుతున్నాయా, అంగళ్లు ఎంతవరకు తెరిచి ఉంటున్నాయో చూశాం. మూడోసారి వాన పడ్డ మర్నాడు వెళ్లాం. వీధిలో నీళ్లు నిలవలేదు. ఒక్కటే లోపం, బోరు నీళ్లు ఉప్పు. కుళాయి మూతి చుట్టూ తెల్లగా గట్టిపడిన పెచ్చు గోరుతో గీకినా రాలేదు. తాగడానికి నీళ్ల క్యాను కొనాల్సిందే. ఇది ముందే తెలిసింది కాబట్టి సరుకుల లెక్కలో కలిపేసుకున్నాను.

నా పెద్ద భయం బస్సు. అంగట్లో నేను బయటపడేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. అందుకని ఇల్లు ఖాయం చెయ్యకముందే మూడు రోజులు పని అయ్యాక బస్సెక్కి చంద్రగిరి వెళ్లి, అక్కడి నుంచి మా ఆయన బండి మీద వెనక్కి వచ్చాను. సోమవారం పది నిమిషాలు నిలబడ్డాను. బుధవారం ఇరవై ఐదు. శనివారం యాత్రికుల రద్దీలో నలభై. ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. ఆ శనివారం రాత్రి చాలా టెన్షన్ పడ్డాను, వద్దనేద్దామనుకున్నాను. తర్వాత అంగట్లో అడిగితే శనివారాలు ఒక గంట ముందు వచ్చి ఒక గంట ముందు వెళ్లేలా ఒప్పుకున్నారు. ఆ మాట తీసుకున్నాకే ముందుకు కదిలాం.

చివరి లెక్క ఇలా తేలింది. బాడుగ 8,500. పాప బడి మార్చలేం, ఫీజు కట్టేశాం కాబట్టి వ్యాను 1,500. పెట్రోలు అదనంగా 900. అత్తను నెలకోసారి స్విమ్స్‌కు తీసుకెళ్లడానికి ఆటో 300. నా బస్సుకు వెయ్యి. అన్నీ కలిపితే 12,200. ఉన్న ఇంట్లోనే ఉంటే 16,000. తేడా 3,800. బాడుగ 15,000, 8,500 పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నెలకు ఆరున్నర వేలు మిగులుతాయని సంబరపడ్డాం. నిజంగా మిగిలేది అందులో సగానికి కొంచెం పైన. అప్పటికి కడుతున్న 14,000తో పోలిస్తే 1,800 మాత్రమే. అయినా నెలనెలా పడే తక్కువ దాదాపు పూడుతుంది, కొత్త అప్పు పుట్టదు. అది చాలనుకున్నాం. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమని ప్రభుత్వం అప్పటికే చెప్పింది. కానీ ఇంకా మొదలుకాని దాన్ని లెక్కలో కలపొద్దని నేనే పట్టుబట్టాను.

ఒకసారికి అయ్యే ఖర్చు వేరు. సామాను బండికి, కూలీలకు 4,000. ప్లంబరు, ఎలక్ట్రీషియన్‌కు 1,800. గ్యాసు చిరునామా మార్పు, చిల్లర ఖర్చులు 1,500. పాత ఇంటి అడ్వాన్సు 39,000లో రంగుల కోసమని 6,500 కోశారు. ఏడేళ్లలో గోడలు మాసిపోవడం సహజమే కదా అని వాదించాను. అగ్రిమెంటులో ఆ మాట రాసుంది, మేం చదవకుండా సంతకం పెట్టాం. కొత్త ఇంటి పదకొండు నెలల అగ్రిమెంటు మాత్రం ఇద్దరం కూర్చుని ప్రతి వాక్యం చదివాం. ఏడాదికి ఐదు శాతానికి మించి పెంచకూడదని, రంగుల ఖర్చు మాది కాదని రాయించుకున్నాం. కొత్త ఓనరమ్మ ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉంటారని ఇన్నేళ్లూ నాకు తెలియదు.

అసలు ఇబ్బంది ఇంకొకటి. కొత్త ఇంటికి 25,500 అడ్వాన్సు ముందే ఇవ్వాలి, పాత అడ్వాన్సు ఖాళీ చేశాక గానీ రాదు. నా గాజులు అప్పటికే బ్యాంకులో ఉన్నాయి. అత్త స్నానాల గదిలోకి వెళ్లి, చేతులకు సబ్బు రాసుకుని తన గాజులు తీసుకొచ్చింది. ముప్పై ఏళ్లుగా తియ్యనివి. మణికట్టు మీద గాజులున్న చోట చర్మం తెల్లగా, చిన్నపిల్లల చేతిలా ఉంది.

శ్రావణం వచ్చిన మొదటి ఆదివారం, జూలై 27న, చంద్రగిరిలో పాలు పొంగించాం.

మొదటి రెండు వారాలు కష్టంగా గడిచాయి. పాప ముప్పావు గంట ముందు లేవాలి, రోజూ ఏడుపే. వ్యానులో పక్క వీధి అమ్మాయితో స్నేహమయ్యాక ఏడుపు తగ్గింది. వచ్చే జూన్‌కు ఇక్కడి బళ్లో చేర్చాలా అని ఇంకా ఆలోచిస్తున్నాం. ఆగస్టు 15న ఆ ఉచిత బస్సు పథకం, స్త్రీశక్తి, మొదలైంది. ఆధార్ చూపిస్తే పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో సున్నా టికెట్ ఇస్తున్నారు. లెక్కలో రాసుకున్న ఆ వెయ్యి మిగిలింది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో రద్దీ బాగా ఉండే గరుడసేవ రోజు మాత్రం అంగట్లో ముందే చెప్పి సెలవు పెట్టాను.

అత్త రోజూ సాయంత్రం వరండాలో కూర్చుంటోంది. చలికాలంలో ఎదురింటి ఆవిడతో కలిసి అనపకాయలు ఒలిచి, గింజలు నానేసి పితికి, పితికిపప్పు కూర చేసింది. బాలాజీ కాలనీలో ఉన్న ఏడేళ్లలో ఆమెకు పక్కింటివాళ్ల పేరు కూడా తెలియదు.

పాత అడ్వాన్సు నెల ఆలస్యంగా వచ్చింది. ఆ డబ్బుతో ముందు అత్త గాజులు విడిపించాం. నావి ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. నెలకు 2,000 చొప్పున అసలు కడుతున్నాం.